అడిగితే చెప్పే యంత్రం.. అడగడమే అసలు విద్య

కృత్రిమ మేధ తోడుగా ప్రోగ్రామింగ్‌కు శ్రీకారం
జిల్లా విద్యార్థులకు కలిసొచ్చేదెంత? నష్టమెక్కడ?

ఖమ్మం: మారుమూల మండలం నుంచి వచ్చి డిగ్రీ కంప్యూటర్‌ సైన్సులోనో, ఇంజినీరింగు మొదటి సంవత్సరంలోనో చేరిన విద్యార్థిని తొలి సెమిస్టరులో భయపెట్టేది గణితం కాదు. ఆంగ్లమూ పూర్తిగా కాదు. ప్రయోగశాలలో తెరపై ప్రత్యక్షమయ్యే దోష సందేశమది. వరుస చివర సెమీకోలన్‌ ఒక్కటి మరిచిపోతే ప్రోగ్రాం నడవదు. పైగా కొన్ని కంపైలర్లు తప్పు జరిగిన వరుసను వదిలి ఆ తరువాతి వరుసను వేలెత్తి చూపుతాయి. తప్పులేని చోట తప్పు వెదుకుతూ అరగంట గడిచిపోతుంది. అరవై మంది ఉన్న తరగతిలో ఒక్క అధ్యాపకుడు అన్ని బల్లలూ చుట్టి వచ్చేసరికి గంట మోగుతుంది.

ఇంట్లో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి ఉన్న విద్యార్థి ఆ రాత్రి అన్ననో, అక్కనో అడిగి తెలుసుకుంటాడు. వసతిగృహంలో ఓపిక గల సీనియరు దొరికినవారు అదృష్టవంతులు. ఎవరూ లేనివారు మాత్రం రెండు మూడు వారాలు పెనుగులాడి, ‘ప్రోగ్రామింగ్‌ మన వల్ల కాదు’ అని తీర్మానించుకుంటారు. ఆ తీర్మానానికి తెలివితేటలతో సంబంధం లేదు. అడగడానికి మనిషి లేకపోవడమే దానికి మూలం. గత పాతికేళ్లలో హైదరాబాద్‌ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టూ శిక్షణ సంస్థలు వందలుగా వెలసి నిలదొక్కుకోవడానికి సగం కారణం ఇదే. అక్కడికి వెళ్లినవారు కొనుక్కున్నది పాఠం మాత్రమే కాదు, పక్క కుర్చీలో అడిగితే చెప్పే మనిషిని కూడా. ఆ కుర్చీ కోసం హాస్టలు అద్దె, భోజనం, రుసుము కట్టలేనివారు జిల్లాల్లోనే ఆగిపోయారు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ సామాన్యుల చేతికి వచ్చాక, ఆ తరువాత జెమినీ, కోపైలట్, క్లాడ్‌ వంటివి వరుస కట్టాక, అడిగే దిక్కు లేదన్న మాటకు కాలం చెల్లింది. అర్ధరాత్రి అడిగినా, ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుక్కోదు. ‘ఇంత చిన్న విషయం కూడా తెలియదా’ అని నలుగురిలో నవ్వదు. ప్రశ్న తెలుగులో వేసినా, తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాల్లో రాసి పంపినా అర్థం చేసుకుంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

మరి నేర్చుకోవడం దేనికి?

అయితే ఈ సౌకర్యంతోపాటే ఒక సందేహం గ్రామాల వరకూ పాకింది. యంత్రమే ప్రోగ్రాం రాసిపెడుతున్నప్పుడు పిల్లవాడిని ఆ కోర్సులో చేర్పించడం అవసరమా అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. 2025 జులైలో టీసీఎస్‌ సంస్థ దాదాపు 12 వేల మందిని, అంటే తన సిబ్బందిలో రెండు శాతాన్ని తగ్గించుకోనున్నట్టు ప్రకటించడం ఈ భయానికి ఆజ్యం పోసింది. దీనికి కారణం కృత్రిమ మేధ కాదని, అవసరమైన నైపుణ్యాలకు, ఉన్న సిబ్బందికి పొంతన కుదరకపోవడమేనని సంస్థ చెప్పుకొన్నా, కోత ప్రధానంగా మధ్య, ఉన్నత స్థాయి ఉద్యోగుల్లోనే అని వివరించినా, ఊళ్లో వినిపించింది పన్నెండు వేలన్న అంకె ఒక్కటే. భయాన్ని కొట్టిపారేయడం సరికాదు. చేర్చుకున్నవారికి చేర్చుకున్నట్టు ఉద్యోగాలు దొరికిన రోజులు మళ్లీ వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కానీ ‘యంత్రమే రాస్తుంది’ అన్న మాట ఈనాటిది కాదు. 1957లో ఐబీఎం సంస్థ ఫోర్ట్రాన్‌ భాషను విడుదల చేసినప్పుడు, అంతకుముందు అంకెల సంకేతాలతో నానా తంటాలు పడి రాసిన ప్రోగ్రాంలను కంప్యూటరే తయారు చేసుకుంటుందన్న ఆశ్చర్యం వ్యక్తమైంది. మామూలు మాటల్లో రాసిన ఆదేశాలను యంత్ర భాషలోకి మార్చే పని యంత్రానికే అప్పగించారు. ఆ తరువాత ప్రోగ్రామర్లు తగ్గలేదు. చేయదగ్గ పనులు పెరిగాయి, వాటితోపాటే మనుషులూ పెరిగారు. ఇప్పటి మార్పు సరిగ్గా అలాగే ముగుస్తుందని చెప్పడం తొందరపాటే అవుతుంది. ఒక్క సంగతి మాత్రం స్పష్టం. ఏం కావాలో తెలిసి, వచ్చింది సరైనదో కాదో తేల్చగలవారికే యంత్రం పనికొస్తోంది. 

2025 ఫిబ్రవరిలో ప్రఖ్యాత కృత్రిమ మేధ నిపుణుడు ఆండ్రే కర్పాతీ ‘వైబ్‌ కోడింగ్‌’ అనే మాటను పుట్టించారు. కోడ్‌ను చదవకుండానే, మాటలతో చెబుతూ ప్రోగ్రాం కట్టించడం దాని అర్థం. కాలిన్స్‌ నిఘంటువు ఆ ఏడాదికి మేటి పదంగా దానినే ఎంపిక చేసింది. చదవకుండా వదిలేయవచ్చని చెప్పిన ఆ వ్యక్తి చదవడంలో దిట్ట అన్న సంగతిని, వారాంతపు సరదా పనులకే అది సరిపోతుందన్న ఆయన అసలు మాటను చాలామంది మరిచారు.

చిన్న తప్పు.. పెద్ద పాఠం

కొత్తవారికి యంత్రం ఎలా ఉపకరిస్తుందో ఒక ఉదాహరణ చూడాలి. సి భాషలో కీబోర్డు నుంచి అంకెను తీసుకునే ఆదేశం స్కాన్‌ఎఫ్‌. అందులో చరరాశి పేరుకు ముందు యాంపర్‌శాండ్‌ గుర్తు పెట్టడం మరిచిపోతే ప్రోగ్రాం కంపైలు కావచ్చు గానీ, నడిపిన వెంటనే ‘సెగ్మెంటేషన్‌ ఫాల్ట్‌’ అంటూ కుప్పకూలుతుంది. ఎందుకు కూలిందో ఆ రెండు మాటల్లో ఎక్కడా లేదు. మొదటి సంవత్సరం విద్యార్థి నిరుత్సాహపడే మొదటి మలుపు ఇదే.

ఇక్కడ రెండు దారులున్నాయి. ప్రోగ్రాం మొత్తాన్ని యంత్రానికి ఇచ్చి ‘సరిచేయి’ అనడం ఒకటి. క్షణంలో సరిచేసి ఇస్తుంది, విద్యార్థి దాన్ని అతికించుకుని తదుపరి ప్రశ్నకు వెళ్తాడు. రెండో దారిలో ‘సమాధానం చెప్పవద్దు, తప్పు ఏ వరుసలో ఉందో మాత్రం చెప్పు, ఎందుకు తప్పో నేను ఊహిస్తాను’ అని అడగాలి. ఊహించాక, ‘నా ఊహ సరైనదేనా’ అని మళ్లీ అడగాలి. అప్పుడు తెలిసివచ్చేదేమిటంటే, స్కాన్‌ఎఫ్‌కు కావలసింది డబ్బాలో ఉన్న విలువ కాదు, ఆ డబ్బా చిరునామా. ఉత్తరం చేరాలంటే ఇంట్లో ఎవరున్నారో చెబితే చాలదు, ఇంటి నంబరు కావాలి. యాంపర్‌శాండ్‌ ఆ ఇంటి నంబరు. ఈ ఒక్క మాట మనసులో నాటుకుంటే మరుసటి నెలలో వచ్చే పాయింటర్ల పాఠం, ఎందరినో బెంబేలెత్తించే పాఠం, సగం తెలిసినట్టే. రెండు దారుల్లోనూ ప్రోగ్రాం నడుస్తుంది. రెండోదానిలో విద్యార్థి కూడా నడుస్తాడు.

ఇది ఉపాధ్యాయుల చాదస్తమని తోసిపుచ్చడానికి వీల్లేని ఆధారాలు ఇప్పటికే వెలువడ్డాయి. తుర్కియేలోని ఒక ఉన్నత పాఠశాలలో సుమారు వెయ్యి మంది విద్యార్థులపై అమెరికా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2024లో బయటకొచ్చింది. విషయం గణితం. అభ్యాస సమయంలో అడిగిందల్లా చెప్పే సహాయకుణ్ని ఇచ్చిన బృందం 48 శాతం మెరుగ్గా లెక్కలు చేసింది. నేరుగా జవాబు చెప్పకుండా సూచనలిచ్చే సహాయకుణ్ని పొందిన బృందం 127 శాతం మెరుగ్గా చేసింది. ఆ తరువాత సహాయకుణ్ని తొలగించి పరీక్ష పెట్టారు. అడిగిందల్లా చెప్పించుకున్న బృందం, అసలు ఏ సాయమూ అందని విద్యార్థుల కన్నా 17 శాతం వెనకబడింది. సూచనలతో నేర్చుకున్నవారికి ఆ నష్టం దాదాపు లేకపోయింది. 

ప్రోగ్రామింగ్‌లోనూ ఇదే తీరు. క్లాడ్‌ను తయారు చేసే ఆంత్రోపిక్‌ సంస్థే 2026 జనవరిలో వెల్లడించిన పరీక్షలో 52 మంది సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్లకు పరిచయంలేని ఒక పైథాన్‌ లైబ్రరీని నేర్చుకునే పని అప్పగించారు. కృత్రిమ మేధ సాయం పొందినవారికి ఆ తరువాతి ప్రశ్నపత్రంలో సగటున 50 శాతం, సొంతంగా రాసినవారికి 67 శాతం మార్కులు వచ్చాయి. తన సరుకులోని లోటును తయారీదారే ఒప్పుకోవడం గమనార్హం. కొత్తవారు ధైర్యం తెచ్చుకోవలసిన అంశమూ అందులోనే ఉంది. సాయం తీసుకున్నవారిలోనే, భావనలను అడిగి తెలుసుకున్నవారు చెప్పుకోదగ్గ మార్కులు తెచ్చుకున్నారు. దోషం యంత్రాన్ని వాడటంలో లేదు, దేని కోసం వాడుతున్నామన్న దానిలో ఉంది.

గుంటల లెక్క.. గూగుల్‌కు తెలియని ఊరు

జిల్లా విద్యార్థికి తన గురించి తనకే తెలియని బలం ఒకటుంది. దాన్ని చూపడానికి భూమి లెక్కను మించిన ఉదాహరణ లేదు.

ఒక రైతుకు రెండుచోట్ల పొలం ఉంది. ఒకచోట 2 ఎకరాల 20 గుంటలు, మరోచోట 1 ఎకరం 30 గుంటలు. మన ప్రాంతంలో వీటిని చుక్క పెట్టి 2.20 అని, 1.30 అని రాసుకోవడం పరిపాటి. మొత్తం విస్తీర్ణం చెప్పే ప్రోగ్రాం రాయమని యంత్రాన్ని అడిగి, ఈ రెండు అంకెలు మాత్రమే ఇస్తే అది వాటిని మామూలు దశాంశాలుగా తీసుకుని 3.50 అని తేల్చవచ్చు. మూడున్నర ఎకరాలన్న మాట. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు. ఎర్రటి సందేశం రాదు. చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది.

కానీ ఎకరానికి 40 గుంటలని పాలేరులోనైనా, వైరాలోనైనా పదేళ్ల పిల్లవాడికి తెలుసు. 20, 30 కలిస్తే 50 గుంటలు. అందులో 40 గుంటలు ఒక ఎకరం. కాబట్టి అసలు జవాబు 4 ఎకరాల 10 గుంటలు. యంత్రం చెప్పినదానికీ దీనికీ తేడా 30 గుంటలు, అంటే ముప్పావు ఎకరం. 2025 జనవరిలో ప్రారంభించిన రైతు భరోసా కింద ఎకరాకు పంటకాలానికి నిర్ణయించిన రూ.6,000 చొప్పున లెక్కగడితే, ఈ చుక్క పొరపాటు విలువ రూ.4,500. అమెరికాలో కూర్చున్న నిపుణుడు ఈ తప్పును పట్టలేడు. పట్టుకోగలిగింది పాసు పుస్తకం చూస్తూ పెరిగిన విద్యార్థి.

సరిచేసే పద్ధతి కూడా మొదటి నెల పాఠంలోదే. ముందు అన్నిటినీ గుంటల్లోకి మార్చాలి. మొదటి పొలం 100 గుంటలు, రెండోది 70. కలిపితే 170. దాన్ని 40తో భాగిస్తే భాగఫలం 4, శేషం 10. సి భాషలో పూర్ణాంకాల భాగహారం దశాంశ భాగాన్ని వదిలేస్తుందన్నది కొత్తవారిని చికాకు పెట్టే లక్షణం. మూడు సబ్జెక్టుల మార్కులు 223 అయితే సగటు 74.33 రావలసిన చోట 74 అని చూపి ఊరుకుంటుంది. అదే లక్షణం ఇక్కడ అక్కరకొచ్చింది. ఎకరాలను భాగఫలం ఇస్తుంది, గుంటలను శేషం ఇస్తుంది. విసిగించిన సూత్రమే పని చేసిపెట్టినప్పుడు కలిగే సంతోషం ప్రోగ్రామింగ్‌లో విద్యార్థిని నిలిపి ఉంచుతుంది. సిద్ధాన్నం తిన్నవారికి అది దక్కదు.

వడ్డీ లెక్కదీ ఇదే వరస. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని తెలుగునాట వేరే చెప్పనక్కర్లేదు. రూ.50 వేలకు 8 నెలలకు రూ.8,000. దాన్నే ఏడాదికి రెండు శాతంగా తీసుకుంటే వచ్చేది రూ.667. మహిళా సంఘం పద్దులకు ఇలాంటి ప్రోగ్రాం రాసిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? యంత్రానికి ముందే వివరంగా చెబితే సరిగానే చేస్తుంది. వివరంగా చెప్పాలంటే ముందు తనకు తెలిసి ఉండాలి. ఏ పరిస్థితిలో లెక్క తప్పుతుందో ఊహించి అడగాలి. గుంటల గడిలో ఎవరైనా 45 అని కొడితే ప్రోగ్రాం ఏం చేయాలి? ఒప్పుకోవాలా, తిప్పికొట్టాలా? ఈ ప్రశ్న వేయగలిగిన విద్యార్థి ఒక్క వరుస కూడా రాయకముందే ప్రోగ్రామరు అయినట్టు లెక్క.

ఆరంభించేవారికి కొన్ని మాటలు

సొంత కంప్యూటరు లేదని ఆగిపోనక్కర్లేదు. పైథాన్‌ వంటి భాషలను బ్రౌజరులోనే రాసి నడిపించే సదుపాయాలు ఉచితంగా ఉన్నాయి. ఫోనులో నాలుగు వరుసలు కొట్టడం కష్టమే, కుండలీకరణాలు వెదుక్కోవడంలోనే ప్రాణం విసిగిపోతుంది. అందుకే పాఠం ఫోనులో చదువుకుని, ప్రోగ్రాంను ముందు కాగితం మీద రాసి, ప్రయోగశాల సమయాన్ని నడిపి చూడటానికి ఉంచుకోవడం మేలు. పాత పద్ధతిలా తోచినా, కాగితం మీద రాసిన ప్రోగ్రాంను యంత్రం మధ్యలో అందుకుని పూర్తి చేయలేదు. అదే దాని ప్రయోజనం.

వివరణలు తెలుగులో అడిగేటప్పుడు ‘సాంకేతిక పదాలను మార్చవద్దు’ అని చేర్చడం మరువకూడదు. లేకపోతే వేరియబుల్, లూప్, ఫంక్షన్‌ వంటి మాటలకు ఎక్కడా వాడుకలో లేని తెలుగు కల్పించి మరింత తికమక పెట్టగలదు. పరీక్షలోనూ, ఇంటర్వ్యూలోనూ కావలసినవి ఆ ఆంగ్ల పదాలే. వాటి అర్థం తెలుగులో బోధపడితే చాలు.

యంత్రం ధీమాగా చెప్పిందల్లా నిజం కాదన్నది గుర్తుంచుకోవాలి. లేని లైబ్రరీ పేర్లను ఉన్నట్టు సూచించడం దానికి ఉన్న జబ్బు. ఆ పేరుతోనే హానికరమైన ప్యాకేజీని దుండగులు ముందుగా పెట్టి ఉంచే ప్రమాదాన్ని భద్రతా నిపుణులు హెచ్చరిస్తున్నారు. కనుక చెప్పిన పేరును అధికారిక పత్రాల్లో సరిచూసుకున్నాకే ఎక్కించుకోవాలి. పాస్‌వర్డులు, ఆధార్‌ అంకెలు, ఇరుగుపొరుగువారి వివరాలు ప్రశ్నలో అతికించడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. అభ్యాసానికి కల్పిత పేర్లు సరిపోతాయి.

ఖర్చు సంగతి. సాధారణ అభ్యాసానికి ఉచిత వాడకమే చాలు. రిలయన్స్‌ జియో, గూగుల్‌ సంస్థలు జెమినీ ప్రో పథకాన్ని అర్హులైన వినియోగదారులకు 18 నెలలు ఉచితంగా ఇస్తామని 2025 అక్టోబరు 30న ప్రకటించాయి. నవంబరు 4 నుంచి పరిమిత కాలంలో నమోదైనవారికి చాట్‌జీపీటీ గోను ఏడాదిపాటు ఉచితం చేస్తున్నట్టు ఓపెన్‌ఏఐ ప్రకటించింది. ఉచితంగా ఇచ్చేవారి ఉద్దేశం అలవాటు చేయడమే అన్నది వ్యాపారం తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. గడువు ముగిశాక ఖాతాలోంచి సొమ్ము దానంతటదే కోతపడే షరతు ఉందేమో చేరే ముందే చూసుకోవాలి.

కళాశాలల వంతు

విద్యార్థులు యంత్రంతో రాయించుకొస్తున్నారని అధ్యాపకులు వాపోతున్న మాట నిజమే. అయితే రికార్డు పుస్తకాలను ఒకరివి చూసి ఒకరు దించుకోవడం, ఆఖరి ఏడాది ప్రాజెక్టులను సిద్ధంగా కొనుక్కొచ్చి అట్ట మీద పేరు మార్చడం కృత్రిమ మేధ పుట్టకముందే ఉన్న ఆనవాయితీ. అప్పుడు చూసీచూడనట్టు ఊరుకుని ఇప్పుడు యంత్రాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం అనిపించుకోదు. నిషేధం పెట్టినా అది ప్రయోగశాల తలుపు వరకే పనిచేస్తుంది. బస్సులో, హాస్టలులో ఫోను చేతిలోనే ఉంటుంది.

చేయగలిగినవి లేకపోలేదు. సాయంత్రం నాలుగు తరువాత తాళం పడే ప్రయోగశాలలను మరో రెండు గంటలు తెరిచి ఉంచితే సొంత యంత్రం లేనివారికి అంతకుమించిన సాయం ఉండదు. 2020 డిసెంబరులో ఖమ్మంలో ప్రారంభమైన ఐటీ హబ్‌లోని ఉద్యోగులు నెలకొక శనివారం కళాశాలలకు వచ్చి, తాము నిత్యం యంత్రాన్ని ఎలా అడుగుతారో, అది రాసినదాంట్లో ఎంత కొట్టేస్తారో చూపితే, అది పుస్తకంలో దొరకని పాఠం. కొట్టివేతలు చూడటం ముఖ్యం. యంత్రం రాసింది యథాతథంగా వాడతారన్న భ్రమ అప్పుడు తొలగుతుంది.

మార్కుల విధానంలోనూ మార్పు కావాలి. నడిచిన ప్రోగ్రాంకు కొన్ని మార్కులు, దానిని వివరించినందుకు మిగిలినవి ఇవ్వడం కష్టమేమీ కాదు. మౌఖిక పరీక్షకు ఒక్క ప్రశ్న చాలు. మధిర దాటి సరిహద్దు అవతలికి వెళ్తే గుంటలు ఉండవు, ఎకరానికి 100 సెంట్లు. నీ భూమి లెక్క ప్రోగ్రాం అక్కడ పనిచేయాలంటే ఎన్నిచోట్ల మార్చాలి? 40 అన్న అంకెను మూడుచోట్ల విడివిడిగా రాసినవాడు మూడుచోట్లా వెదకాలి. దానికి ఒక పేరు పెట్టి మొదట్లోనే రాసుకున్నవాడు ఒక్కచోట మారిస్తే సరి. అతికించి తెచ్చుకున్నవాడికి 40 ఎక్కడుందో తెలుసుకోవడానికే కాస్త సమయం పడుతుంది. ఆ సమయం అతనికి ఇవ్వాలి. వెదికి పట్టుకుంటే మార్కులూ ఇవ్వాలి.